మావారు పోయాక పాత స్నేహితురాలితో మాట్లాడాలంటే బెరుకు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 56. మాది ఖమ్మం. ఏడు నెలల క్రితం మావారు గుండెపోటుతో పోయారు. హాస్టల్లో నాతోపాటు ఉన్న స్నేహితురాలు ఇప్పుడు విశాఖలో ఉంటోంది. గొడవేమీ లేదు, పదేళ్లుగా మాటలు తగ్గిపోయాయంతే. విషయం ఆలస్యంగా తెలిసిందంటూ రెండు నెలల కిందట వాట్సాప్‌లో పలకరించింది. ఇంతవరకు జవాబివ్వలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే అవసరం కొద్దీ చేశాననుకుంటుందేమో! మాట్లాడితే ఏడుపు ఆగదేమోనని కూడా భయం. ఐదు నెలలుగా నిద్రకు రోజూ అల్‌ప్రాజోలం 0.25 మాత్ర వేసుకుంటున్నాను.

జవాబు: ముందు ఆమెకు జవాబివ్వండి. ఆలస్యానికి సంజాయిషీలు అక్కర్లేదు. కడసారి చూపుకు రాలేకపోయానే అన్న బెరుకు ఆమెకూ ఉండే ఉంటుంది.

మెసేజ్ నాలుగు ముక్కలు చాలు. ‘నీ మెసేజ్ చూశాను. అప్పుడు మాట్లాడే స్థితిలో లేను. ఆదివారం నాలుగింటికి ఫోన్ చేయనా? మధ్యలో ఏడ్చినా కంగారుపడకు, విను చాలు.’ రోజు, టైమ్ తప్పకుండా రాయండి. ‘వీలైనప్పుడు మాట్లాడుకుందాం’ అంటే ఆ వీలు ఎన్నటికీ కుదరదు. ఏడుపు సంగతి ముందే చెబితే ఆమె ‘ఊరుకో, ధైర్యంగా ఉండు’ అంటూ మాట మార్చదు.

మొదటి కాల్ 15-20 నిమిషాలు దాటనివ్వకండి. రాత్రిపూట అసలొద్దు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆస్పత్రి, ఆఖరి రోజు, బంధువుల మాటలు అన్నీ ఒక్క రాత్రి రెండు గంటలపాటు చెప్పేసుకుంటారు. తెల్లారేసరికి ‘అంతా బయటపెట్టేశానే’ అని సిగ్గుపడి మళ్లీ ఫోన్ ఎత్తరు. ఆయన గురించి కొంత చెప్పండి, హాస్టల్ మెస్సులో నీళ్ల సాంబారు గురించీ కొంత మాట్లాడుకోండి. నవ్వొస్తే నవ్వండి, అది ఆయనకు ద్రోహం కాదు. శోకంపై పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ స్కుట్ 1999లో వివరించింది ఇదే: మనసు కాసేపు పోయినవారి తలపుల్లోకి, కాసేపు రోజువారీ బతుకులోకి అటూ ఇటూ తిరుగుతూ ఉంటేనే మనిషి కోలుకుంటాడు.

ఆ సాయంత్రం, మర్నాడు దిగులు పెరగొచ్చు. దానికి భయపడి మానేయకండి. వారానికో కాల్ చాలు. వారమంతా తిండీ నిద్రా దెబ్బతింటే మాత్రం కొన్నాళ్లు ఆగండి.

సంవత్సరీకం దాకా గడప దాటకూడదన్న పట్టింపు మీ ఇంట్లో ఉంటే ఆమెనే రమ్మనండి. మొదటిసారి రెండు రోజులు చాలు. ఎదురెదురుగా కూర్చుని దుఃఖం గురించే మాట్లాడటం ఇద్దరికీ కష్టం. బ్యాంకు, పింఛను కాగితాలు ముందేసుకోండి, పని మధ్యలో మాట దానంతటదే వస్తుంది. బీరువాలో ఆయన బట్టల జోలికి మాత్రం ఈసారి వెళ్లొద్దు.

మాత్ర సంగతి నాకు నచ్చలేదు. అల్‌ప్రాజోలం కొన్ని వారాలకే అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి సొంతంగా ఆపకండి, పెంచకండి. సైకియాట్రిస్టును కలిస్తే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. పనిలో పనిగా బీపీ, షుగర్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. ఇంట్లో మనిషి పోయాక మందులూ భోజనమూ వేళ తప్పుతాయి, ఆ నీరసాన్ని కూడా దుఃఖం ఖాతాలోనే వేసేస్తాం.

ఇంకో సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. ఆయన లేరన్న మాట ఇప్పటికీ నమ్మలేకపోవడం, రోజులో ఎక్కువసేపు అదే ధ్యాస, ఇంటి పనులు పూర్తిగా ఆగిపోవడం ఉన్నాయా? ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం ఇలాంటివి ఆరు నెలలు దాటినా తగ్గకపోతే అది దీర్ఘకాలిక శోక సమస్య కావచ్చు. దానికి ప్రత్యేకమైన టాక్ థెరపీ (నిపుణులు మాటలతో చేసే చికిత్స) ఉంది. ఆ పని స్నేహితురాలి నెత్తిన పెట్టకండి. ఆయన దగ్గరికే వెళ్లిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.