కథలు రాస్తే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీఏ తెలుగు చివరి సంవత్సరం. కథలు రాస్తానని, పిల్లలకు రాయడం నేర్పే క్లాసులు పెడతానని అంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయం సబబే. తెలుగులో కథల మీదే బతకడం కష్టం. పత్రికలో కథ పడినా వచ్చే డబ్బు ఇంటి సరుకులకు కూడా చాలదు. అయినా రాయడం మానమని మాత్రం అనకండి.

పాలగుమ్మి పద్మరాజు గారిది మీ పక్కనున్న పశ్చిమ గోదావరే, తిరుపతిపురం. కాలేజీలో సైన్సు పాఠాలు చెబుతూ కథలు రాశారు. ఆయన ‘గాలివాన’కు 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. మీ అమ్మాయికీ నెల జీతం ఒకటి ఉండాలి. పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంఏ తెలుగులో చేరమనండి. 55 శాతం మార్కులతో పాసై, నెట్ గానీ ఏపీ సెట్ గానీ, ఏదో ఒక అర్హత పరీక్ష గట్టెక్కితే డిగ్రీ లెక్చరర్ పోస్టుకు అర్హత వస్తుంది. బడిలో చెప్పాలనుకుంటే బీఈడీ, టెట్, డీఎస్సీ దారి ఎలాగూ ఉంది.

ఇక క్లాసుల సంగతి. కథా రచన నేర్పడానికని మన కాలేజీల్లో విడిగా పోస్టులు దాదాపు లేవు. ఆ క్లాసు తనే మొదలుపెట్టుకోవాలి. వచ్చే వేసవి సెలవుల్లో ఊళ్లో ఎనిమిది మంది పిల్లలను పోగేయమనండి. ‘కాలువకు నీళ్లు కట్టేసిన రోజు ఏం చూశావు?’ అని అడిగి ఒక పేజీ రాయించాలి. మొదట అందరూ గైడులో ఉన్నట్టే ‘మా ఊరు ప్రకృతి అందాలకు నిలయం’ అని రాస్తారు. అది పక్కన పెట్టించి మళ్లీ అడగాలి. అప్పుడు ఒకడు బురదగుంటలో చేతికి చిక్కి జారిపోయిన కొరమేను గురించి రాస్తాడు. దాన్ని పైకి చదివించి, ఎక్కడ సాగిందో, ఎక్కడ తొందరపడ్డాడో వాడితోనే చెప్పించి, తిరగరాయించాలి. నా దృష్టిలో రాయడం నేర్పడమంటే ఇదే. తన కథను నాలుగైదుసార్లు తిరగరాసుకున్న మనిషే ఇది ఓపికగా చేయించగలదు. అందుకే ముందు తన కథలు నాలుగు పత్రికల్లో పడనివ్వండి. మొదటి ఏడాది ఫీజు మాట వద్దు. పిల్లలు మానకుండా వస్తుంటే, ఆ రాతలు తీసుకుని దగ్గర్లోని ప్రైవేటు స్కూళ్లకు వెళ్లి వారానికి ఒక పీరియడ్ అడగొచ్చు.

ఈలోగా ఒక రాత్రి తన కథ మీకు చదివి వినిపించమనండి, అమ్మా. మధ్యలో ఉద్యోగం ఊసెత్తకుండా చివరిదాకా వినండి.