పత్తి గోదాంలో థర్మల్ కెమెరా లిమిట్ 90కి పెంచొద్దు

అడిగిన ప్రశ్న ఇది: వరంగల్ ఎనుమాముల దగ్గర పత్తి బేళ్ల గోదాం, 40 మీటర్ల పొడవు రేకుల షెడ్డు. వేడిని కొలిచే థర్మల్ కెమెరాలు రెండు పెట్టించినం. ఎండాకాలం మధ్యాహ్నమైతే ఊకె అలారం కొడుతున్నది. పెట్టినాయన అలారం లిమిట్ 60 డిగ్రీల నుంచి 90కి పెంచి పోయిండు. సరైనదేనా? రాత్రిపూట ఒక కెమెరా ఆఫ్‌లైన్ కూడా అవుతున్నది.

సరైనది కాదు. ఇయ్యాల్నే 90 తీసెయ్యండి.

ఎందుకో లెక్క చూడండి. ఇట్లాంటి గోదాములకు ఎక్కువగా పెట్టేది 256×192 పిక్సెళ్ల (బొమ్మలోని చుక్కల) సెన్సార్, 12 మైక్రాన్ల పిక్సెల్, 7 మి.మీ. లెన్సు. 20 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ 3.4 సెంటీమీటర్ల జాగ చూస్తది. 40 మీటర్లకు అదే 7 సెంటీమీటర్లు. వేడి నమ్మదగ్గట్టు చదవాలంటే కనీసం 3×3 పిక్సెళ్లు నిండాలె, అంటే చివరి గోడ దగ్గర 20 సెంటీమీటర్ల వేడి మచ్చ కావాలె. అంతకన్న చిన్నదైతే పక్కనున్న చల్లటి బేలుతో కలిసిపోయి తక్కువ చూపిస్తది. 400 డిగ్రీల మీద ఉన్న రెండు సెంటీమీటర్ల నిప్పు అంత దూరం నుంచి 60 చుట్టే కనబడొచ్చు. లిమిట్ 90 మీద ఉంటే కెమెరా దాన్ని చూసి కూడా ఊకుంటది.

బేలు లోపల రాజుకునే నిప్పు ఇంకో రకం. జిన్నింగ్‌లో (పత్తి నుంచి గింజలు తీసేటప్పుడు) రాయి గానీ ఇనుప ముక్క గానీ తగిలి పుట్టిన రవ్వ బేలులోనే ప్రెస్ అయిపోతే రోజుల తరబడి లోపల్లోపలే కాలుతది. థర్మల్ కెమెరా పైపొరను మాత్రమే చూస్తది, పత్తేమో వేడిని బయటికి రానియ్యదు. పైకి వచ్చేటప్పటికి పక్క బేళ్ల కన్న పది పదిహేను డిగ్రీల తేడానే ఉంటది. అందుకే లిమిట్ ఎంత అని కాదు, తేడా ఎంత అని అడగాలె. జిన్నింగ్‌లో మంట లేచిన రోజు కట్టిన బేళ్లను మాత్రం కెమెరాను నమ్మి లోపల పెట్టొద్దు, కొన్ని రోజులు బయట విడిగా ఉంచాల్సిందే.

మధ్యాహ్నం అలారం సంగతి. ముందుగా అలారం లాగ్ తీసి టైము, జాగ రెండూ కాగితం మీద రాయండి. పొద్దున పడమటి గోడ దిక్కు, మధ్యాహ్నం నడిమధ్య, సాయంత్రం తూర్పు దిక్కు వస్తున్నదంటే అది నిప్పు కాదు, ఎండ. వెలుతురు కోసం కప్పులో అక్కడక్కడ వేసే ఫైబర్ రేకుల నుంచి పడ్డ ఎండ బేళ్ల మీద మచ్చగా జరుగుకుంట పోతది. మే నెల ఎండకు ఆ మచ్చ కింద బేలు 60 దాటుడు మామూలే. దీనికి మందు సెట్టింగులల్ల లేదు, బేళ్ల మీద పడే ఫైబర్ రేకులు మూసెయ్యండి. వెలుతురు కావాలంటే నడిచే దారి మీద ఉంచుకోండి. అలారం ఎప్పుడూ ఒక్క జాగలోనే వస్తే షెట్టర్ దగ్గర ఆగే లారీ సైలెన్సర్‌నో, కెమెరాకు కనబడుతున్న కప్పు రేకునో అనుమానించండి.

తర్వాత సెట్టింగులు. ఫ్రేము మొత్తానికి ఒక్కటే రూల్ పెట్టుడు పెద్ద తప్పు. ఒక్కో దొంతరకు ఒక్కో బాక్సు గీయండి. కప్పు, షెట్టర్, ఫ్యాన్ మోటార్ బాక్సుల బయట ఉండాలె. ఎమిసివిటీ (వస్తువు వేడి కిరణాలను ఎంత బాగా వదులుతదో చెప్పే అంకె) 0.95 పెట్టండి, బేళ్లకు, గోనె సంచులకు సరిపోతది. దూరం ఆ దొంతర దాకా టేపుతో కొలిచి ఎక్కించండి. ప్రతి బాక్సుకు రెండు రూళ్లు: ఎక్కువ వేడి 65 దాటితే ఒకటి, పక్క బాక్సు సగటు కన్న 10–15 డిగ్రీలు ఎక్కువైతే ఇంకొకటి. ఈ తేడాను పది డిగ్రీల కన్న కిందికి దించొద్దు, కొలిచే మోడళ్లకే ±2 డిగ్రీల తప్పు ఉంటది, చవకవాటికి ±8 దాకా. అలారానికి ముందు 10 సెకన్ల ఆలస్యం పెడితే హమాలీలు అడ్డం పోయినప్పుడు కొట్టదు. రాత్రికి వేరే షెడ్యూల్ పెట్టి 50కి దించండి. చాలా మోడళ్లు మనుషుల చొరబాటు, వేడి కొలుచుడు రెండూ ఒకేసారి చెయ్యవు. ఏ మోడ్‌లో ఉన్నదో చూడండి, మార్చితే కెమెరా రీస్టార్ట్ అయితది.

ఇప్పుడు పరీక్ష, దీన్ని ఎవ్వరూ చెయ్యరు. గోదాంలో అగ్గిపుల్ల గీసి చూడొద్దు. కట్టెల పొయ్యి మీద మసిబారిన పెద్ద గిన్నెల మసిలే నీళ్లు తెచ్చి చివరి దొంతర ముందు పెట్టండి. 90 దగ్గర చూపిస్తే సరే. 60 చూపించిందంటే దూరమన్న తప్పు, ఫోకస్ అన్న తప్పు, లెన్సు అన్న చాలదు. తళతళలాడే స్టీలు గిన్నె వాడొద్దు. మెరిసే లోహం ఎదురుగా ఉన్నవాటి వేడినే అద్దం లెక్క చూపిస్తది, మసిలే నీళ్లున్నా 40 అంటది. జింకు రేకు మీద రీడింగును నమ్మొద్దనేది కూడా ఇందుకే.

రాత్రిపూట ఆఫ్‌లైన్ అవుడు కరెంటు లెక్క. జంట కెమెరాలో థర్మల్ లెన్సు పక్కనే మామూలు కెమెరా ఉంటది, చీకటైతే దాని లైటు వెలుగుతది, వాట్లు పెరుగుతయి, కేబుల్ మోయలేక కెమెరా రీస్టార్ట్ అయితది. మామూలు పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే) పోర్టు 15.4 వాట్లు ఇస్తే కెమెరాకు చేరేది 12.95. సైరన్, లైటు ఉన్న మోడళ్లకు 30 వాట్ల పోర్టు కావాలె. ఆ తర్వాత కేబుల్ కొస బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. డబ్బా మీద క్యాట్6 (మంచి రకం నెట్‌వర్క్ కేబుల్) అని రాసి ఇసొంటిదే అంటగడుతున్నరు, లక్షల కెమెరాకు ఈ తీగ వేసుడు అన్యాయం. అసలు రాగిది వేయించండి. 100 మీటర్లు దాటితే ఆప్టికల్ ఫైబర్ కేబులే.

ఐపీ (నెట్‌వర్క్‌లో కెమెరా అడ్రస్) విషయానికొస్తే, కొత్త కెమెరాలన్నీ ఫ్యాక్టరీ నుంచి ఒకే అడ్రస్‌తో రావొచ్చు, ఒక్కొక్కటే తగిలించి 192.168.50.11, 12 అని స్థిరంగా ఇచ్చుకుంట పోండి. గేట్‌వే (బయటి నెట్‌కు దారి) గడి ఖాళీగా వదిలెయ్యండి, కెమెరా ఇంటర్నెట్‌కు పోవాల్సిన పని లేదు. టైము ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ డబ్బా) నుంచి తీసుకునేటట్టు పెట్టండి. రౌటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్ (బయటి నెట్ నుంచి నేరుగా లోపలికి దారి) ఉంటే మూసెయ్యండి, ఫోన్ల చూడాలంటే వీపీఎన్ (తాళం వేసిన సొంత దారి) పెట్టించుకోండి. జంట కెమెరా ఎన్‌వీఆర్‌లో రెండు చానెళ్లు తింటది, కొనేముందే లెక్కేసుకోండి. వేరే కంపెనీ ఎన్‌వీఆర్‌కు ఆన్‌విఫ్‌తో (వేర్వేరు కంపెనీల కెమెరాలను కలిపే ఉమ్మడి పద్ధతితో) కలిపితే బొమ్మ వస్తది గానీ వేడి అలారం చాలాసార్లు రాదు. అందుకని హూటర్‌ను కెమెరా అలారం అవుట్ తీగలకే కట్టండి, నడుమ 12 వోల్టుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పెట్టి. అప్పుడు ఎన్‌వీఆర్ చచ్చినా హూటర్ మోగుతది. పీఓఈ స్విచ్చికి, హూటర్‌కు యూపీఎస్ తప్పనిసరి.

నడుమ నడుమ టక్కుమని చప్పుడై బొమ్మ ఒక సెకను ఆగుతది. అది కెమెరా లోపలి చిన్న షట్టర్ మూసి తెరిచి రీడింగు సరిచేసుకునుడే, కంప్లైంట్ ఇయ్యకండి. కెమెరా ముందు గాజు అద్దం పెట్టొద్దు, గాజులోంచి ఈ వేడి కిరణాలు పోవు. సీజన్‌లో వారానికోసారి లెన్సు మీది పత్తి నూగు మెత్తటి తడి బట్టతో తుడవండి, నూగు పేరుకుంటే రీడింగు పడిపోతది. తుడిచినంక మసి గిన్నె పరీక్ష మళ్ల ఒక్కసారి చేసి, వచ్చిన రీడింగు తేదీతో సహా షెట్టర్ పక్క గోడ మీద రాసిపెట్టుకోండి.