గేమ్ రిమోట్ పిచ్చి, బీరువా తాళం

‘మావాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. పాత నింటెండో ‘వీ’ (Wii) వీడియో గేమ్ రిమోట్ ఒకటి ఎక్కడో సంపాదించి, దాన్ని గాల్లో ఊపుతూ ల్యాప్‌టాప్‌లో మౌస్ బాణాన్ని కదుపుతున్నాడు. వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కంప్యూటర్‌తో సృష్టించే ప్రపంచం) కోర్సులో చేరతానంటాడు. నేను బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) అంటున్నాను. విసిగిపోయి ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏది మంచిది?’ నర్సంపేట దగ్గర పత్తి, మిర్చి పండించే ఒక తండ్రి అడిగారు.

ముందు ఆ తాళం తీయండి. పిల్లవాడు చేజారిపోతున్నాడన్న మీ భయం నాకు అర్థమైంది. కానీ మీరు ఆట అనుకుంటున్నది ఆట కాదు. 2006లో వచ్చిన ఆ రిమోట్ బ్లూటూత్‌తో పనిచేస్తుంది, అందుకే ల్యాప్‌టాప్‌తో కలిసింది. లోపల వంపును పట్టే యాక్సిలరోమీటర్, ముందువైపు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చూసే చిన్న కెమెరా ఉంటాయి. టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బార్ పేరుకే సెన్సర్, అందులో ఉన్నవి ఆ కాంతినిచ్చే దీపాలే. దాని బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించినా బాణం కదులుతుంది. ఎందుకని మీవాణ్ని ఒక్కసారైనా అడిగారా? 2007లో అమెరికాలో జానీ లీ అనే పీహెచ్‌డీ విద్యార్థి ఇదే రిమోట్‌కు ఒక ఇన్‌ఫ్రారెడ్ పెన్ను జోడించి, తక్కువ ఖర్చులో క్లాస్‌రూం డిజిటల్ బోర్డు చేసి చూపించాడు.

అలాగని వీఆర్ కోర్సుకు నేను ఓటు వేయను. 2010లో, ఒంటి కదలికల్ని పట్టే మైక్రోసాఫ్ట్ గేమ్ కెమెరా కైనెక్ట్ వచ్చినప్పుడు ఇక చేతులూపితే చాలన్నారు. 2017లో మైక్రోసాఫ్ట్ దాని తయారీ ఆపేసింది. మౌస్ మాత్రం అలాగే ఉంది. చెయ్యి గాల్లో ఎత్తి పది నిమిషాలు ఉంచండి, కారణం మీ భుజమే చెబుతుంది. ఒక పరికరాన్నో ఒక సాఫ్ట్‌వేర్‌నో నమ్ముకుని సర్టిఫికెట్ ఇచ్చే కోర్సు దానితోపాటే పాతబడుతుంది. లక్షలు కట్టే ముందు, అక్కడ లెక్కలు, ప్రోగ్రామింగ్ ఎన్ని గంటలు చెబుతారో అడగండి. జవాబు నసిగితే తిరిగి బస్సెక్కండి.

పాతబడనిది వేరే ఉంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కాంటా మీద అంకె ఊగుతుంటే, అది నిలిచేదాకా మీరు చూస్తారు కదా? సెన్సర్ లెక్క కూడా అలాగే వణుకుతుంది. దాన్ని వడగట్టి, చెయ్యి నిజంగా ఎటు కదిలిందో తేల్చాలి. ఫోన్‌లో, డ్రోన్‌లో జరిగేదీ ఇదే. మీవాడు ఆ వణుకుతోనే కుస్తీ పడుతున్నాడేమో!

ఇక బీటెక్‌లో ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) తీసుకోవాలా, మీరన్న సీఎస్‌ఈనా? సర్క్యూట్లు, సిగ్నళ్ల మీద మనసుంటే మొదటిది, ప్రోగ్రాం రాయడం మీద ఉంటే రెండోది. ఈ పనికి రెండు దారులూ వెళతాయి, కాబట్టి దానికోసం నిద్ర పాడుచేసుకోవద్దు. పక్కింటివాళ్ల అబ్బాయి సీఎస్‌ఈ అని మీరూ అదే అంటుంటే మాత్రం, అది మీ బెంగ, వాడి చదువు కాదు.

పరీక్షలయ్యేదాకా రోజుకు ఒక గంట ల్యాప్‌టాప్ ఇవ్వండి. వరంగల్ ఎన్‌ఐటీలో విద్యార్థుల టెక్నికల్ ఫెస్ట్ టెక్నోజియాన్ జరిగేటప్పుడు తీసుకెళ్లండి. ఆ రోజు మీకు మిర్చి లోడు పనుంటే, వాడి మేనమామనైనా తోడు పంపండి.