ఆడియాలజిస్ట్‌ని డాక్టర్ అంటారా?

నర్సంపేట నుంచి ఒక తండ్రి అడిగారు: పాప బైపీసీ, నీట్‌లో ర్యాంకు రాలేదు, మళ్లీ లాంగ్ టర్మ్ పెట్టించాలా లేక వినికిడి, మాట సమస్యల మీద ఉండే బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీలో చేర్పించాలా, అది చదివితే డాక్టర్ అంటారా అని.

అనరు సార్. ఆడియాలజిస్ట్ అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణులు, మందులు రాయరు, ఆపరేషన్ చేయరు. అయితే శబ్దం రాని గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న పెద్దాయనకి ఎన్ని డెసిబెల్స్ దగ్గర వినపడిందో గ్రాఫ్ గీసేది, నెలల పాపకి తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి, ఆమె నిద్రపోయేదాకా ఆగి, శబ్దానికి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే బెరా టెస్ట్ చేసేది వాళ్లే. బాగా వినపడని వాళ్లకి చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పరికరాన్ని సర్జన్ పెడతాడు, దాన్ని ఆన్ చేసి ఆ బిడ్డకి సరిపడేలా మ్యాపింగ్ చేసేది మాత్రం ఆడియాలజిస్ట్.

మీరు ఇంత రాశారు కానీ చుట్టాలు ఏమంటారో ఉంది, పెళ్లి సంబంధాల మాట ఉంది, పాప ఏం అంటుందో ఒక్క ముక్క లేదు. ఇంకో ఏడాది హాస్టల్లో కూర్చోబెట్టాలని మీకుందా, ఆమెకుందా? ముందు అది అడగండి.

ఈ కోర్సు చేస్తే నేరుగా అమెరికా అని చెప్పే వీడియోలంటే నాకు నమ్మకం లేదు. అక్కడ ఆడియాలజిస్ట్ కావాలంటే ఏయూడీ అనే డాక్టరేట్ చదవాలి, ఆపైన రాష్ట్రం లైసెన్స్. అంటే ఖర్చంతా మళ్లీ మొదటికే. ఇక్కడ చాలామందికి మొదటి ఉద్యోగం హియరింగ్ ఎయిడ్ క్లినిక్‌లో దొరుకుతుంది, కొన్నిచోట్ల నెలకి ఇన్ని మిషన్లు అమ్మాలని టార్గెట్ పెడతారు, అవసరం లేనివాళ్లకి కూడా ఖరీదైన మోడల్ అంటగట్టమంటారు. అది చేయలేని పిల్లలు ఏడాదిలో బయటికొస్తారు. వాళ్లని నేను తప్పుపట్టను.

అయినా టెన్షన్ పడకండి, అదే డిగ్రీతో స్పీచ్ థెరపీ కూడా చేయొచ్చు. మాటలు ఆలస్యమైన పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు హన్మకొండలోనూ తక్కువ లేరు. అక్కడ మన భాష పెద్ద ఆస్తి, ఇంట్లో "ఇటు రా బిడ్డా" అని వినే పిల్లాడికి పుస్తకాల తెలుగులో థెరపీ చేస్తే ఏం ఎక్కుతుంది?

కోర్సు మూడేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఈ కోర్సు చెప్పే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రం ఉంది, దూరమైనా ఫర్వాలేదంటే మైసూరులో ఐష్ (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) ఉంది. ఏ కాలేజీ అయినా ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూశాకే ఫీజు కట్టండి, అది లేకపోతే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేయకూడదు. ఈలోపు తెలిసిన ఈఎన్‌టీ డాక్టర్ ఉంటే అడిగి, పాపని ఒక పూట ఆడియాలజీ రూమ్‌లో కూర్చోనివ్వండి. మీరు బయటే ఉండండి.