షాట్‌గన్ స్లగ్ నునుపైన గొట్టంలోంచి వచ్చినా సూటిగా ఎలా వెళ్తుంది?

షాట్‌గన్‌లో చిన్న గుళికలకు బదులు వాడే ఒంటి సీసపు గుండైన స్లగ్, బరువులో ఎక్కువ పాలు ముందు భాగంలోనే ఉండటం వల్ల సూటిగా వెళ్తుంది. రైఫిల్ గొట్టంలోని మెలికల గాడులు తూటాను గిర్రున తిప్పి నిలకడగా ఉంచుతాయి. నునుపైన షాట్‌గన్ గొట్టంలో ఆ ఏర్పాటు లేదు కనుక, బరువైన ముక్కు ముందుకు సాగుతుండగా తేలికైన తోకను గాలి ఒత్తిడి వెనకవైపే నిలిపి ఉంచుతుంది. బ్యాడ్మింటన్ షటిల్ విషయంలో జరిగేదీ ఇదే. అమెరికాలో 1931లో కార్ల్ ఫాస్టర్ రూపొందించిన స్లగ్ వెనక భాగం ఇందుకే బోలుగా ఉంటుంది. దాని పక్కలనున్న ఏటవాలు గాడులే దానిని తిప్పుతాయని చాలామంది అనుకుంటారు, చూడగానే అలా తోచడం సహజమే; కానీ వాటివల్ల కలిగే భ్రమణం స్వల్పం, నిలకడకు అది చాలదు. గొట్టం చివరి ఇరుకైన చోక్ గుండా వెళ్లేటప్పుడు సీసం నలిగి సర్దుకోవడానికి చోటివ్వడమే వాటి అసలు పని.