సీరియల్ హంతకులను అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఎలా పట్టుకుంటుంది?
వేలిముద్రలు, డీఎన్‌ఏ సరే, కానీ ఒక్కోసారి కేసు తేలేది ఇంట్లోవాళ్ల వల్లే. అమెరికాలో టెడ్ కజిన్‌స్కీ 1978 నుంచి 1995 దాకా 16 బాంబులు పెట్టాడు, ముగ్గురు చనిపోయారు, 23 మంది గాయపడ్డారు. చెత్తలో దొరికే సామానుతో బాంబులు చేసేవాడు కాబట్టి ఎక్కడ కొన్నాడో పట్టుకునే దారే లేదు. చివరికి అతను పత్రికలకు పంపిన పొడవాటి వ్యాసాన్ని 1995లో పేపర్లో అచ్చు వేయించడానికి ఎఫ్‌బీఐ ఒప్పుకుంది, ఎవరో ఒకరు ఆ రాతను గుర్తుపడతారని. గుర్తుపట్టింది సొంత తమ్ముడి కుటుంబమే! ఇంగ్లీషులో అందరూ 'కేకు ఉంచుకుని తినడం' అనే సామెతను కజిన్‌స్కీ తిరగేసి 'తిని ఉంచుకోవడం' అని రాసేవాడు, ఇంటికి రాసిన పాత ఉత్తరాల్లోనూ అదే ఉంది. 1996 ఏప్రిల్ 3న మోంటానాలో చిన్న చెక్క గుడిసెలో దొరికాడు. అన్నను పట్టివ్వడానికి ఆ తమ్ముడు ఎంత నలిగిపోయాడో!