మీ ప్రశ్నలు – మా జవాబులు: అమ్హారిక్, నార్వేజియన్‌లలో మనకేది దగ్గర?

ప్రశ్న: బెంగళూరులోని మా ఆఫీసులో ఒకరు ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి, మరొకరు నార్వే రాజధాని ఓస్లో నుంచి వచ్చి పనిచేస్తున్నారు. వారి భాషల్లో ఏదో ఒకటి నేర్చుకోవాలని ఉంది. నార్వేజియన్‌ది ఇంగ్లిష్ లిపే కాబట్టి అదే తేలిక అని మా బావగారు అంటున్నారు. తెలుగువారికి ఏది దగ్గర?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ముందు చుట్టరికం సంగతి చూద్దాం. ఈ రెండు భాషలూ ఒకదానికొకటి చుట్టాలు కావు, తెలుగుకూ కావు. ఇథియోపియాలో మాట్లాడే అమ్హారిక్ సెమిటిక్ కుటుంబపు భాష. అరబ్బీకి, హీబ్రూకి దాయాది. అందులో ఇంటిని ‘బేత్’ అంటారు, బేత్లెహేములో ఉన్న బేత్ కూడా అదే. నార్వేజియన్ సంస్కృతానికి దూరపు బంధువు. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘నామం’ అక్కడ ‘నవ్న్’, ‘త్రి’ అక్కడ ‘త్రే’. తెలుగు ద్రావిడ కుటుంబానిది కనుక ఈ లెక్కలో మనకు ఇటూ అటూ ఏమీ ఒరగదు.

మీ బావగారు లిపిని చూసి తీర్పు చెప్పారు. అమ్హారిక్ అక్షరాలు మన కంటికి కొత్తవే గానీ, వాటి పద్ధతి కొత్తది కాదు. అక్కడా గుణింతమే ఉంది: లె, లు, లీ, లా, లే, ల్, లో అని ఒక్కొక్క హల్లుకు ఏడు రూపాలు, 33 మూలాక్షరాలకు మొత్తం 231. ఈ ఏర్పాటు మన దేశపు లిపుల నుంచి వెళ్లిందని కొందరు పండితులు ఊహించారు గానీ, అది నిరూపణ కాలేదు. అయితే ఆ లిపికి ఒత్తు లేదు. ‘అలె’ అంటే అన్నాడు, ‘అల్లె’ అంటే ఉన్నాడు; రెండింటినీ ఒకేలా రాస్తారు, చదివేవారే సందర్భాన్ని బట్టి ఒత్తి పలకాలి. గడికీ గడ్డికీ రాతలో తేడా లేకపోతే మనకెలా ఉంటుందో ఊహించుకోండి. నార్వేజియన్‌లో హల్లును జంటగా రాస్తారు గానీ, దాని ముందున్న అచ్చును పొట్టిగా పలకాలని చెప్పడానికే ముఖ్యంగా అది పనికొస్తుంది: ‘తాక్’ అంటే పైకప్పు, ‘తక్’ అంటే కృతజ్ఞతలు.

అసలు దగ్గరితనం వాక్యంలో కనిపిస్తుంది. ‘అబెబె బున్న తెత్త’ అనే అమ్హారిక్ వాక్యాన్ని మాట మాటకూ తెలుగులో పెడితే ‘అబెబె కాఫీ తాగాడు’ అవుతుంది. క్రియ చివరనే ఉంటుంది, ఎవరు చేశారో కూడా ఆ క్రియే చెబుతుంది: ‘మెత్త’ వచ్చాడు, ‘మెత్తచ్’ వచ్చింది, ‘మెత్తహు’ వచ్చాను. నార్వేజియన్‌లో నేనైనా, నువ్వైనా, వారైనా ‘కొమ్’ మారదు. కానీ క్రియ రెండో స్థానాన్ని వదలదు. ‘పేర్ ద్రక్ కఫె’ (పేర్ అనే అతను తాగాడు కాఫీ) అనే వాక్యానికి ముందు ‘నిన్న’ చేర్చారంటే, ‘నిన్న తాగాడు పేర్ కాఫీ’ అనే వరుసలో అంతా సర్దుకోవాలి. మనవారికి తొలి నెలల్లో తరచు తప్పేది ఇక్కడే.

పిలుపులోని వరుస మరీ ముచ్చటగా ఉంటుంది. అమ్హారిక్‌లో అబ్బాయిని ‘న’ అని, అమ్మాయిని ‘నెయ్’ అని, పెద్దలను ‘యిమ్తు’ అని పిలుస్తారు. మన రారా, రావే, రండి అన్నమాట. బెంగళూరులో ఉన్నవారు కాబట్టి బారో, బారే, బన్ని కూడా మీకు గుర్తుకు రావాలి. నార్వేజియన్‌లో అందరికీ ‘కొమ్’ ఒక్కటే. గౌరవ సర్వనామం ఒకటి ఉండేది గానీ, వాడుకలోంచి దాదాపు తప్పుకుంది. విద్యార్థి ఆచార్యుణ్ణి కూడా ‘దు’ (నువ్వు) అనే అంటాడు. మీ ఓస్లో సహోద్యోగి పై అధికారిని పేరుపెట్టి పిలుస్తుంటే దాన్ని పొగరు అనుకోకండి.

ఇంతమాత్రాన అమ్హారిక్ నల్లేరు మీద నడక కాదు. మనం మాట చివర ప్రత్యయాలు చేర్చుకుంటూ పోతాం, వారు మాట కడుపులోనే మార్పులు చేస్తారు. స-బ-ర అనే మూడు హల్లుల నుంచి ‘సెబ్బెర’ విరిచాడు, ‘తెసెబ్బెర’ విరిగింది, ‘యిసెబ్రాల్’ విరుస్తాడు, ‘సెబారీ’ విరిచేవాడు పుడతాయి. పైగా గొంతు బిగించి చిటికె వేసినట్టు పలికే ధ్వనులున్నాయి. పైన ‘తెత్త’ అని రాసిన మాటలోని తకారం అటువంటిదే, మన అక్షరం దాన్ని పట్టుకోలేదు. నార్వేజియన్ చిక్కు చెవికి సంబంధించింది: రైతులు, చిక్కుళ్లు అనే రెండు మాటలనూ ‘బొన్నెర్’ అనే పలుకుతారు, వాటిని వేరు చేసేది స్వరపు ఎత్తుపల్లాలే. యాసలు కూడా ఎక్కువ. రాతలోనూ బూక్మోల్, నీనోర్స్క్ అని రెండు ప్రమాణ రూపాలున్నాయి, 1885 నుంచి రెండింటికీ సమాన హోదా ఉంది. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువమంది రాసే బూక్మోల్‌తో మొదలుపెట్టడం మంచిది.

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ నార్వేజియన్‌కు సుమారు 24 వారాలు, అమ్హారిక్‌కు 44 వారాలు కేటాయిస్తుంది. అది ఇంగ్లిష్ మాతృభాషగా కలవారి లెక్క. రోజంతా ఇంగ్లిష్‌లో పనిచేసే మీకు ‘హూస్’ అంటే హౌస్ అని ఎవరూ చెప్పనక్కరలేదు కనుక, చదవడం త్వరగా రావాలంటే నార్వేజియన్‌నే ఎంచుకోండి. తెలుగులో ఆలోచించిన వాక్యాన్ని ఆ వరుసలోనే దింపుకోవాలంటే మాత్రం నా ఓటు అమ్హారిక్‌కు.

ప్రశ్న: మా అమ్మాయి అడిస్ అబాబాలోని ఒక టీచరు దగ్గర ఆన్‌లైన్‌లో అమ్హారిక్ నేర్చుకుంటోంది. మొదటి పాఠం ‘ఉదయం రెండు గంటలకు’ అన్నారట. రెండు దేశాల వ్యత్యాసం లెక్క వేసుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కూర్చుంది, ఎవరూ రాలేదు. పొరపాటు ఎవరిది?
– ఒక తల్లి, జయనగర్

జవాబు: ఎవరిదీ కాదు. అక్కడ గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వారికి ఒంటిగంట, ఎనిమిది రెండు గంటలు. మన పంచాంగం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టే అనుకోండి. కాబట్టి పాఠం మన కాలమానంలో ఉదయం పదిన్నరకు. పై ప్రశ్న అడిగిన పాఠకుడు కూడా ఒక మాట గుర్తుపెట్టుకోవాలి: ఓస్లో సహోద్యోగి ‘హల్ తూ’కి కాఫీకి రమ్మంటే, అది ‘సగం రెండు’ కదా అని రెండున్నరకు వెళ్లకూడదు. రెండుకు ఇంకా సగం ఉందని, అంటే ఒకటిన్నర అని ఆయన ఉద్దేశం. మీరు వెళ్లేసరికి గంట దాటిపోయి ఉంటుంది.